పద్నాలుగో గదిలో దేవుళ్ళను సర్దే పని

పొద్దున ఐదింటికి లేవగానే పద్నాలుగో గదిలో మొదటి పని, దేవుళ్ళను ఎవరి చోట వాళ్ళను పెట్టడం. పళ్ళు తోమడం, బాత్రూం ముందు బకెట్టు వరుసలో ఉంచడం, డబ్బాలో అన్నం సర్దుకోవడం అన్నీ దాని తర్వాతే. ఆరింటికి క్యాంపు నుంచి తాయిఫ్ ఊళ్ళోకి వ్యాను బయల్దేరుతుంది. దేవుళ్ళ కోసం అది ఆగదు.

పడుకునే ముందు ముగ్గురూ సరిగ్గానే పెడతారు. జనార్దన్ ఇత్తడి హనుమంతుడు గోడకు కొట్టిన చెక్క పలక మీద. భోజన్న పోచమ్మ కిటికీ కింద స్టీలు గిన్నెలో. జంగు మూట మంచం తలవైపు మేకుకు. తెల్లారేసరికి హనుమంతుడు భోజన్న కూర గిన్నెలో కూర్చుని ఉంటాడు. పోచమ్మ పలకెక్కి ఉంటుంది. మూట జనార్దన్ దిండు పక్కన, డ్యూటీ దిగి వాలిపోయిన మనిషిలా పడి ఉంటుంది. మర్నాడు ఇంకోలా. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఎట్లా తిరుగుతున్నారని ఎవరూ అడగలేదు. ఎవరు ఎవర్ని ముట్టుకున్నారన్నదే ఆ గదిలో తగాదా.

"మల్ల నీచు గిన్నెల పెట్టినవ్ నా సామిని. పాలతోని కడగాలె ఇప్పుడు," అన్నాడు జనార్దన్.

"నేను పెట్టిన్నా? తలకాయ కూర వాసనకు నీ సామే దిగొచ్చిండు. నువ్వు అరటిపండ్లు పెట్టి సంపుతున్నవాయె," అన్నాడు భోజన్న.

జనార్దన్‌ది జగిత్యాల దగ్గర నేతపని చేసేవాళ్ళ ఇల్లు. నలభై ఏడేళ్ళు. ఈ కంపెనీలో పన్నెండేళ్ళుగా ప్లంబరు. ఏటా చైత్ర పున్నమికి ముందు నలభై ఒక్క రోజుల దీక్ష పట్టి, డ్యూటీ చొక్కా కింద మాల వేసుకుంటాడు. ఉల్లిగడ్డ ముట్టడు. సంస్కృత శ్లోకాలు చూడకుండా చదువుతాడు. అర్థం అడిగితే కసురుకుంటాడు.

భోజన్న నిర్మల్ వైపు బైండ్లవాళ్ళ మనిషి. వాళ్ళ తాత జమిడిక వాయిస్తూ పోచమ్మ కథ చెబితే ఊరు ఊరంతా కదలకుండా కూర్చునేదట. కథ అయ్యాక అదే ఊరు ఆయనకు చెంబులోంచి నీళ్ళు ఎత్తి పోసేది, చెంబు తగలకుండా. భోజన్న ఇక్కడ ఒక హోటలు ముంగిలి ఊడుస్తాడు. రాలిన గులాబీ రేకులు జేబులో వేసుకొచ్చి పోచమ్మ గిన్నెలో చల్లుతాడు. పోచమ్మ అంటే పిడికెడు రాయి. కొండ కింది ఎండువాగులో ఏరి తెచ్చి పసుపు రాసి బొట్టు పెట్టాడు.

"సౌదీ రాయికి పసుపు రాస్తె పోచమ్మ అయితదా?" అని జనార్దన్ ఎప్పుడూ దెప్పేవాడు.

"నీ హనుమంతుడు మొరాదాబాద్‌ల పుట్టిండు. పీట కింద ఇంక స్టిక్కర్ కూడ పోలే. చూస్కో."

మంచం మీద కూర్చుని సాక్సులు వేసుకుంటున్న జంగు నవ్వేవాడు. ఇద్దరికీ ఒళ్ళు మండేది అతని నవ్వుకే. ఆత్రం జంగు ఆదిలాబాద్ కొండల్లో ఒక గోండు గూడేనివాడు. ఇరవై ఎనిమిదేళ్ళ టైల్స్ మేస్త్రీ.

"మీ దేవుళ్ళు అంగట్ల దొరుకుతరు, వాగుల దొరుకుతరు. మా దేవుళ్ళు మా ఇంట్ల చచ్చినోళ్ళు. మాకు కొనే పని లేదు, ఏరే పని లేదు," అనేవాడు.

"అది దేవుడు కాదు, దయ్యం," అనేవాడు జనార్దన్.

ఆ ఒక్క మాట దగ్గర భోజన్న జనార్దన్ వైపు చేరేవాడు. "ఔరా జంగూ, పోచమ్మ ఊరు కాస్తది. నీ పేలిక ఏం కాస్తది?"

శ్రమకు మతం లేదని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఈ ముగ్గురికీ ఒకే నీళ్ళ ట్యాంకు, ఒకే వ్యాను, ఒకే సూపర్‌వైజరు తిట్లు. ముగ్గురి పాస్‌పోర్టులూ ఆఫీసులో ఒకే ఇనప బీరువాలో ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి, ఏ అంటూ లేకుండా. గదిలో మాత్రం ముగ్గురికీ మూడు గిన్నెలు, మూడు గ్లాసులు. పోగొట్టుకోవడానికి సంకెళ్ళు తప్ప ఏమీ లేనివాళ్ళు ముందుగా కాపాడుకునేది ఆ గ్లాసుల్నే.

వ్యాను డ్రైవరు మహబూబ్ సుభాని నిజామాబాద్ మనిషి. హారన్ కొట్టి, కిటికీలోంచి తల పెట్టి రోజూ ఒకే మాట అడిగేవాడు. "ఏందన్నా, ఇయ్యాల ఎవలు ఎక్కడ? ఇఖామా కార్డు లేకున్నా మీ దేవుళ్ళే మీకన్న ఎక్కువ తిరుగుతుండ్రు."

జంగు మూటలో ఉన్నది అతని తమ్ముడు లచ్చు.

లచ్చు కూడా అదే గదిలో, కిటికీ పక్క మంచం మీద ఉండేవాడు. గోడకు ఆ చెక్క పలక కొట్టింది వాడే. రసమట్టం పెట్టి, గాలిబుడగ సరిగ్గా నడిమికి వచ్చేదాకా ఒంటికంటితో చూసి, "ఇగ దీని మీద ఎవలు కూసున్నా జారరు," అన్నాడు. హనుమంతుణ్ణి మొదట దాని మీద కూర్చోబెట్టిందీ వాడే. ఒక పొద్దున లేవలేదు. ఇరవై మూడేళ్ళు. డాక్టరు కాగితం మీద గుండె అని రాశాడు. శవాన్ని పంపడానికి కావలసిన కాగితాలు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఉండిపోయాయి. చివరికి ఇంటివాళ్ళ వేలిముద్ర తెప్పించి ఇక్కడే పూడ్చారు. జంగు ఆ మట్టి పిడికెడు తీసి, లచ్చు దస్తీలో పోసి, జేబులో పట్టే వాడి చిన్న రసమట్టం అందులోనే పెట్టి ముడివేశాడు. మూటను మేకుకు తగిలించిన మర్నాటి నుంచే దేవుళ్ళు తిరగడం మొదలైంది.

మార్చి నెలాఖరులో, కొండల మీద గులాబీలు కోతకొచ్చిన వారం, జనార్దన్‌కు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది. గురువారం జెద్దా నుంచి విమానం. ఇక తిరిగి రాడు.

ఆ సాయంత్రం జంగు నవ్వలేదు. జనార్దన్ బట్టలు మడత పెడుతుంటే వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"జనార్దనన్నా, లచ్చుగాన్ని పట్టుకపో."

జనార్దన్ ఇంకో చొక్కా తీశాడు.

"మా గూడెంల మూడేండ్లకోపాలి చేస్తరు, చచ్చినోళ్ళను పెద్దలల్ల కలుపుడు. వచ్చే అమాసకు ఉన్నది. నా ఇఖామా గడువు అయిపోయి ఐదు నెలలు, అది లేంది దేశం దాటనియ్యరు. ఆఫీసుల అడిగితె బుక్రా, రేపు రా అంటరు. వాళ్ళ బుక్రాకు ఎప్పుడన్న తెల్లారిందా? అమాస దాటితె ఇంకో మూడేండ్లు వాడు బయటనే ఉంటడు. మా అవ్వ కొడుక్కని వాకిట్ల రోజూ ఒక ముద్ద పెడుతున్నది. తినెటోడు రాలే."

"కార్గోల వెయ్యి."

"కార్గోల రాడు. తెచ్చెటోడు దారిల ఎవలన్న అడిగితె, వీడు నా తమ్ముడు అని చెప్పాలె. గూడెంల గూడ చెప్పాలె. అది మా ఇంటి కట్టు. చెప్పకుంటె దారి తప్పుతడు."

జనార్దన్ చొక్కా పక్కన పెట్టాడు. "మాలల ఉన్న. సామి ఉన్న సంచిల బొందల గడ్డ మన్ను పెట్టాల్నా? నేనెక్కడ, నువ్వెక్కడ? నీ తమ్మునికి నేను అన్ననెట్లయిత?"

"కావు. అన్ననని ఒకపాలి అని చూడు, అంతే."

"అబద్ధం చెప్పి దేవుని చేస్తరా మీరు?"

జంగు లేచాడు. "మీ లెక్క సదువుకున్న దేవుడు కాదన్నా మాది. ఏదో ఒక నోరు పిలిస్తె వస్తడు," అని బయటికి వెళ్ళిపోయాడు.

భోజన్న కిటికీ దగ్గర గిన్నె తుడుస్తూ అంతా విన్నాడు. "దయ్యమే కావచ్చు. కాని నీ సామి కూసున్న పలక ఆ దయ్యం కొట్టిందే," అన్నాడు. జనార్దన్ సంచి జిప్పు లాగాడు.

గురువారం పొద్దున ముగ్గురూ లేచి చూస్తే దేవుళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు. హనుమంతుడు పలక మీద. పోచమ్మ గిన్నెలో. మూట మేకుకు. ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి. చేతులకు పని లేక ముగ్గురూ కాసేపు ఊరికే నిలబడ్డారు. ఆ రోజు బకెట్టు వరుసలో వాళ్ళదే మొదటి నంబరు.

"సూసినవా, సామికి తెలుసు ఎల్లిపోతున్నమని," అన్నాడు జనార్దన్. అందరూ చూస్తుండగా హనుమంతుణ్ణి పలక మీంచి తీసి, కాషాయం గుడ్డలో చుట్టి, చేతిసంచి అడుగున సాక్సుల మధ్య పెట్టాడు. విమానాశ్రయంలో అడిగితే షోపీస్ అని చెప్పాలని వారం నుంచి అనుకుంటున్నాడు. భోజన్నతో చేయి కలిపాడు. జంగు డ్యూటీ బూట్లకు లేసులు కడుతూనే, "పోయి రా అన్నా," అన్నాడు.

మహబూబ్ సుభాని వ్యాను హదా కొండ దిగుతుంటే పిట్టగోడ మీద కోతులు వరసగా కూర్చుని ఉన్నాయి. జనార్దన్ ఎప్పటిలాగే సంచిని గుండెకు ఆనించుకుని దండం పెట్టాడు. ఒక ముసలి కోతి అతణ్ణి చూడలేదు. సంచి వైపు చూసింది.

"బరువున్నదా అన్నా సంచి? ఒడిల పెట్టుకున్నవ్," అన్నాడు సుభాని.

"సామి ఉన్నడు."

జెద్దాలో చేతిసంచి స్కానింగు యంత్రంలోకి వెళ్ళి, బయటికొచ్చి, పక్కకు జరిగింది. కుర్ర అధికారి ఒకతను జిప్పు తీశాడు. సాక్సులు తీసి పక్కన పెట్టాడు. కాషాయం గుడ్డ విప్పాడు. లోపల హనుమంతుడు లేడు. ముడివేసిన దస్తీ ఉంది.

అతను ముడి విప్పాడు. ఎర్రమన్ను, అందులో సగం పూడుకుపోయిన రసమట్టం. బుడగ ఒకసారి అటూ ఇటూ ఊగింది.

"ఏష్ హాదా?" ఏమిటిది అని అడిగాడు.

బల్ల పక్కన పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంది. అందులో నీళ్ళ సీసాలు, లైటర్లు, ఎవరిదో ఊరగాయ డబ్బా. నాది కాదు అంటే చాలు. పన్నెండేళ్ళలో జనార్దన్ నేర్చుకున్న అరబ్బీలో ఆ ముక్క అన్నిటికన్నా బాగా వచ్చు. వెనక వరుసలో జనం కదులుతున్నారు. చొక్కా కింద మాల ఒంటికి అంటుకుంది. తరచూ పొద్దున తన దిండు పక్కన ఆ మూట ఎట్లా పడి ఉండేదో గుర్తొచ్చింది. ఎనిమిది నెలలు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి జంగు మంచం మీదికి విసిరేవాడు. అది ఏ రోజూ భోజన్న దిండు పక్కకు పోలేదు.

"అఖూయ," అన్నాడు. నా తమ్ముడు.

అధికారి అతని ముఖం చూశాడు. మట్టి చూశాడు.

"మౌత్. తాయిఫ్," అన్నాడు జనార్దన్. చనిపోయాడు, తాయిఫ్‌లో.

"అల్లా యర్హమా," దేవుడు అతణ్ణి కరుణించుగాక అన్నాడు అధికారి మెల్లగా. ముడి తనే వేశాడు. వదులుగా ఉందేమోనని ఇంకోసారి లాగి చూసి, రెండు చేతులతో అందించాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి జంగు మంచం తలవైపు మేకు ఖాళీగా ఉంది. దిండు మీద ఇత్తడి హనుమంతుడు బోర్లా పడి ఉన్నాడు. జంగు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మంచం అంచున కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. భోజన్న స్టవ్వు వెలిగించాడు. తన గ్లాసులో చాయ్ పోసి జంగుకు ఇచ్చాడు. ఎవరి గ్లాసు ఏదో ఇద్దరూ చూసుకోలేదు.

అమావాస్య మర్నాడు జనార్దన్ నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ తెగుతూ ఉంది.

"కలిపిండ్రు తమ్మీ."

జంగు ఊ కొట్టాడు.

"పెద్దమనిషి అడిగిండు, నువ్వు వానికి ఏమైతవని. అక్కడ జెద్దాల ఓపాలి అన్నగద, ఇక్కడ సుల్వుగ వచ్చింది. మీ అవ్వ నాకు కాళ్ళకు నీళ్ళిచ్చింది. గిప్పుడు నేను మీ ఇంట్ల పెద్దకొడుకునట. ఏటా పండుగకు రావాల్నట. మా ఇంటామె పుష్ప మొత్తుకుంటున్నది, గీ వయసుల కొత్త సుట్టాలేంది అని."

"ఏమన్న పెట్టిండ్రా తిననీకి?"

"మాల తీసేసినంక పోయిన," అన్నాడు జనార్దన్. ఏం తిన్నాడో చెప్పలేదు.

"అన్నా, నీ సామి ఇక్కడనే ఉన్నడు. ఎవలతోనన్న పంపాల్నా?"

"ఉండనీ. నీ ఎగ్జిట్ అయినప్పుడు నువ్వే తీస్కరా." మళ్ళీ గొంతు పెంచాడు. "ఉల్లిగడ్డ మాత్రం పెట్టకు."

ఫోన్ పెట్టేశాక జంగు హనుమంతుణ్ణి లచ్చు కొట్టిన పలక మీద, ఎప్పటి చోటే పెట్టాడు. భోజన్న కిటికీ కింది గిన్నె తెచ్చి పక్కన పెట్టి, కొంచెం జరుపు అన్నాడు. జంగు జరిపాడు.

తెల్లారి ఐదింటికి ఇద్దరూ అలవాటుగా లేచి చూశారు. ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఇద్దరూ బకెట్లు తీసుకుని బయటికి నడిచారు.