పంతొమ్మిది మంది, ఇరవై రెండు కార్డులు

ఆ ఒడియా సర్కారు బడిలో ఇరవై మంది ఉంటేనే తెలుగు తరగతి ఉంటుంది, తగ్గితే ఒడియా తరగతిలో కలిపేస్తారు. ఆఫీసు నుంచి ఆ కాగితం వచ్చిన దగ్గర్నుంచి టీచరు సరళకు అన్నం సరిగ్గా దిగడం లేదు. రిజిస్టరులో ఇరవై ఇద్దరి పేర్లున్నాయి. కానీ ఈ యేడు సముద్రంలో వేట లేక మూడు కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం రేవులో పనికి వెళ్లిపోయాయి. బడిలో మిగిలింది పంతొమ్మిది మంది.

తనిఖీకి వచ్చిన జగదీష్‌బాబుకు తెలుగు రాదు. ఫోనుతో పాఠం ఎలా చెబుతున్నారో చూపించమని ఒడియాలో అడిగాడు. ఆ పద్ధతి సరళ ఇంటర్నెట్టులో చూసి తనంతట తానే నేర్చుకుంది. పట్నంలోని గేట్ బజార్‌లో కార్డులు ప్రింటు తీయించి, సముద్రపు గాలికి మెత్తబడకుండా లామినేషన్ చేయించింది. పిల్లకో కార్డు, దాని మీద నల్ల గళ్ల బొమ్మ. తమ జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డు తిప్పి పట్టుకుంటారు. టీచరు కెమెరాను గదంతా ఒకసారి తిప్పితే చాలు, ఎవరేం జవాబిచ్చారో పేర్లతో సహా ఫోనులో పడుతుంది.

పౌర్ణమినాడు పోటు పెరుగుతుందా, తగ్గుతుందా అని అడిగింది. కార్డులు లేచాయి. ఫోను తిప్పింది. పేర్లు ఒక్కొక్కటే పచ్చబడుతూ వచ్చి ఇరవై రెండు దగ్గర ఆగాయి.

గదిలో ఉన్నది పంతొమ్మిది మందే.

జగదీష్‌బాబు తలలు లెక్కపెట్టలేదు. ఫోనులోకి తొంగిచూసి "బాయిశి" అన్నాడు. ఇరవై రెండు సరిపోయిందని, ఈ సంఖ్యే ఆఫీసుకు పంపేయమని చెప్పాడు. పంపే బటను మీద ఆమె వేలు ఆగిపోయింది. తలెత్తి చూస్తే మూడో వరసలో స్మిత చేతికొకటి చొప్పున రెండు కార్డులు ఎత్తి పట్టుకుని ఉంది. వెనక మరో ఇద్దరి చేతుల్లోనూ అలాగే ఉన్నాయి.

దగ్గరికి వెళ్లి, రెండోది ఎవరిదని మెల్లగా అడిగింది.

"సౌందర్యది టీచరమ్మా. అది నేదు కదా, నానే ఎత్తీసేను." స్మిత ముఖంలో బెదురు లేదు. "జొరమొచ్చి ఏటకెల్లనోడికి మా నాన్నోలు వాటా తియ్యరేటి?"

పిల్ల ఏమంటోందని వెనకనుంచి జగదీష్‌బాబు అడిగాడు.

జవాబు సరిగ్గానే చెప్పింది అంటే సరిపోయేది. ఆ గదిలో తెలుగూ ఒడియా రెండూ తెలిసింది పెద్దవాళ్లలో తానొక్కతే. కానీ పంతొమ్మిది మంది పిల్లలు తన నోటికేసి చూస్తున్నారు, వాళ్లకీ ఒడియా తెలుసు. సరళ గొంతు సవరించుకుని, స్మిత అన్నది అన్నట్టే ఒడియాలో చెప్పింది.

ఆయన కోప్పడలేదు. వేలితో తలలు లెక్కపెట్టాడు, మళ్లీ ఒకసారి లెక్కపెట్టాడు. శనివారం సాయంత్రం దాకా సంఖ్య మార్చుకోవచ్చని, ఆ లోపు ఇరవయ్యో పిల్ల వచ్చి కూర్చుంటే తానే వచ్చి చూస్తానని, ప్రస్తుతానికి పంతొమ్మిదే పంపమని చెప్పి మోటారుసైకిలెక్కాడు.

సరళ ముగ్గురి జవాబులు తీసేసి పంపింది. తరవాత వరండాలోకి వచ్చి విశాఖపట్నం రేవులో ఉన్న సౌందర్య తండ్రి సూరన్నకు ఫోను చేసింది. మూడోసారికి ఎత్తాడు. వెనకాల మరపడవల చప్పుడు. ఆమె చెప్పిందంతా విని, పిల్లని పంపడానికి తనకేం అడ్డు లేదన్నాడు. పిల్లని చూసుకునే నాయనమ్మ పోయింది, ఇల్లు తాళమేసుంది, పిల్ల ఎవరి దగ్గరుంటుందని అడిగాడు.

"మా ఇంట్లో ఉంటుంది. లంజిపల్లి నుంచి రోజూ నాతోనే వస్తుంది" అంది సరళ.

సూరన్న గొంతు తగ్గించాడు.

"మీ అత్తగోరు ఒప్పుకుంతారేటి టీచరమ్మా? మాం సేపలోలం."

రెండేళ్ల కిందట ఇంటికి చేపలు తెచ్చినావిడను గుమ్మం బయటే నిలబెట్టి, ఆవిడ నిలబడ్డ చోట నీళ్లు చల్లించిన అత్తగారు కళ్లముందు మెదిలింది. భర్తకు కూడా ఇంకా ఈ సంగతి తెలియదు. ఈ రోజు గురువారం.

"ఒప్పిస్తాను. నువ్వు రేపు రైలెక్కించు సూరన్నా."

అలాగే అన్నాడు సూరన్న. పెట్టేసే ముందు, పిల్ల చీకట్లో ఒక్కతీ పడుకోదని, పక్కన ఎవరైనా ఉండాలని చెప్పాడు. సరళ సరేనంది. ఆటోలో కూర్చుని ఊరు దాటేదాకా, అత్తగారితో మొదటి మాట ఏమని ఎత్తాలో ఆలోచిస్తూనే ఉంది. లంజిపల్లి దగ్గర పడుతున్నా ఆ మాట దొరకలేదు.