రెండు పేర్ల మందు

రాధాకృష్ణమూర్తిగారు విజిలెన్స్ సెక్షన్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి. ఎవరైనా మంచినీళ్ళిచ్చినా ఎందుకిచ్చారా అని ఆలోచించేవారు. అలాంటాయనకి డెబ్భై ఆరో ఏట, దేశ రాజధానిలోని వసంత్ కుంజ్‌లో కొడుకు ఫ్లాట్‌లో, కోడలు మైథిలి మీదే అనుమానం పుట్టింది.

గుండె డాక్టరు కొత్త బీపీ మాత్ర రాసినప్పటినుంచీ, మైథిలి పొద్దున్నే అది చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. కాసేపటికే ఆయనకి తల తేలిపోయేది. కుర్చీలోంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్మేవి. ఓ రోజు పార్కులో పాతికేళ్ళుగా ఎరిగిన స్నేహితుడి పేరు నోటికి రాలేదు. ఆ వారమే బాత్రూంలో తూలిపడబోయారు. ఇకమీదట కారు తీయొద్దని చెప్పి మైథిలి తాళాలు తన దగ్గరే ఉంచుకుంది. తనని మతిలేనివాణ్ణి చేసి మూల కూర్చోబెట్టాలని చూస్తోందని ఆయనకి నమ్మకం కుదిరింది. పన్నెండేళ్ళుగా వాడుతున్న పాత మాత్ర బీరువాలోంచి తీసి రహస్యంగా వేసుకోబట్టే ఈమాత్రమైనా ఉన్నాననుకునేవారు. కొడుకు మనోహర్‌తో చెబితే నవ్వి ఊరుకున్నాడు. వాడూ ఆమెతో కలిశాడనుకున్నారు.

మర్నాటినుంచి కొత్త మాత్ర నాలుక కింద దాచి, ఆమె అటు తిరగ్గానే రుమాల్లో ఉమ్మేసేవారు. నాలుగు రోజులకి తల తేటపడింది. ఇంకేం రుజువు కావాలి? రెండు మందుల అట్టలూ జేబులో వేసుకుని, ఆటో ఎక్కి, మునిర్కాలో క్లినిక్ పెట్టుకున్న రేవతి అనే తెలుగు డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

ఆవిడ అట్టలు రెండూ తిప్పి చూసింది.

"ఇవి రెండూ ఒకటే మందండీ, కంపెనీ పేర్లే వేరు. రెండూ వేసుకుంటే, లేచి నిలబడగానే బీపీ పడిపోయి మెదడుకి రక్తం చాలదు. ఈ వయసులో రక్తనాళాలు అంత త్వరగా సర్దుకోలేవు. పాతది వాడుతున్నట్టు గుండె డాక్టరుకి చెప్పారా?"

ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ డాక్టరు మీద నమ్మకం లేక తనే దాచారు.

చెప్పకుండా మందు మానేసినందుకు కూడా రేవతి చీవాట్లు పెట్టింది.

ఇంటికి వచ్చి మైథిలికి అంతా చెప్పేశారు, అనుమానించిన సంగతితో సహా.

"నన్నే అడగొచ్చు కదా మావయ్యగారూ," అందామె.

సంగతి తెలిశాక గుండె డాక్టరు ఒక్క మాత్రే ఉంచాడు, అదీ తక్కువ మోతాదులో. తల తిరగడం మళ్ళీ రాలేదు. మైథిలి ఆయనతో మునుపటిలా మాట్లాడడానికి మాత్రం చాలా నెలలు పట్టింది.