మలుగును ఎంచినవారు

టెపోరా అంటే రిరియాకు కుళ్లు. ఇందులో నాన్చడానికేమీ లేదు. సొంత పిన్ని కూతురు, తను చంకనేసుకుని తిప్పిన పిల్ల, అయినా కుళ్లే. ఆ పిల్ల డునేడిన్ యూనివర్సిటీలో మంచినీటి చేపల మీద డాక్టరేటు చేసి రెండేళ్ల క్రితం ఊరికి తిరిగొచ్చిన నాడే మొదలైంది. మొదట్లో రిరియా తిన్నదేదో పడలేదనుకుంది. టెపోరా పేరు ఎవరైనా ఎత్తినప్పుడే కడుపులో మంట లేస్తోందని తర్వాత తెలిసొచ్చింది.

కారణం లేకపోలేదు. నదికి అడ్డంగా ఆనకట్ట కట్టాక, ఎగువ నీళ్లలో పెరిగే మలుగులకు సముద్రం దారి మూసుకుపోయింది. పాములా పొడుగ్గా ఉండే ఈ చేప మంచినీళ్లలోనే డెబ్బై ఎనభై ఏళ్లు బతుకుతుంది. ఆడది జీవితంలో ఒకే ఒక్కసారి, మార్చి ఏప్రిల్ వానలకు, గుడ్లు పెట్టడానికి సముద్రానికి బయల్దేరుతుంది. మళ్లీ రాదు. దారిలో ఆనకట్ట టర్బైన్‌లో పడిందంటే ముక్కలే. అందుకని ఇరవై రెండేళ్లుగా రిరియా ఎగువన వల బుట్టలు పెట్టి, బయల్దేరిన వాటిని పట్టి, నీళ్ల ట్యాంకున్న ట్రక్కులో దిగువకు తీసుకెళ్లి వదులుతోంది. ఏది ప్రయాణానికి సిద్ధమైందో, ఏది ఇంకా తిండి మీదే ఉందో చేత్తో తడిమి చెప్పేస్తుంది. తాత నేర్పిన విద్య అది. ఇన్నేళ్లలో "నీకెలా తెలుస్తుందే రిరియా?" అని ఊళ్లో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. చెయ్యి తడుపుకునే పని కాబట్టి అదేదో గిన్నెలు కడగడం లాంటిదే అనుకున్నారు కాబోలు.

టెపోరా వచ్చింది. తెగ వాళ్లంతా కలిసే మరాయి చావడిలో ఊరందరినీ కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు వేసింది. బయల్దేరే మలుగుకు కళ్లు పెద్దవై చుట్టూ నీలి వలయం వస్తుందంది. తల సన్నబడుతుందంది. తిండి మానేస్తుంది, పొట్ట వదులవుతుంది అంది. పెద్దవాళ్లంతా తలలూపారు. "ఎంత చదువు చదివిందో మన పిల్ల!" అని పారే అమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. పారే అంటే తెగకంతటికీ పెద్దదిక్కు, తొంభై దాటిన మనిషి. ఆవిడ మెచ్చుకుంటే ఊరు మెచ్చుకున్నట్టే. భోజనాల దగ్గర పొగబెట్టిన మలుగులో అన్నిటికన్నా రుచైన మెడ ముక్కను ఆవిడ తన చేత్తో తీసి టెపోరా పళ్లెంలో వేసింది. వంటగది కిటికీలోంచి రిరియా అది చూసింది.

"ఏంటి రిరీ, పళ్లేలు కడుగుతున్నావా, పగలగొడుతున్నావా?" అన్నాడు ఆమె మొగుడు రేవి, తడిగుడ్డ భుజాన వేసుకుని.

"నీకెందుకు? పోయి ఆ డాక్టరమ్మ చెప్పేది విను."

"విన్నాలే. నువ్వు ఇన్నేళ్లుగా నా చెవిలో ఊదరగొడుతున్నదే చెప్పింది. కాకపోతే దానికి రంగు బొమ్మలున్నాయి."

"నవ్వకు రేవీ. ఒళ్లు మండుతోంది."

"మండితే వెళ్లి అందరి ముందూ చెప్పు, ఇదంతా నాకు ముందే తెలుసని."

"అడిగారా నన్ను?" అంది రిరియా. అడగకుండా చెప్పుకోవడం ఆమె వల్ల కాదు. అదీ ఒక రకం పొగరే గానీ, ఆ సంగతి ఆమెకు చెప్పే ధైర్యం రేవికి లేదు.

ఈ ఏడాది టెపోరా ఒక ట్యాగు తెప్పించింది. జానెడు పొడవు, బొటనవేలంత లావు, చివర సన్నటి యాంటెనా. దాన్ని మలుగు వీపుకు కడితే అది ఎంత లోతున, ఎంత చల్లటి నీళ్లలో పోతోందో రాసుకుంటుంది. ఆరు నెలలకు తనంతట తనే ఊడి సముద్రం మీద తేలి, ఎక్కడున్నదీ శాటిలైట్‌కు చెబుతుంది. కదలకుండా ఒకేచోట పడి ఉంటే మాత్రం ఇంకా ముందే ఊడొస్తుంది. తమ మలుగులు గుడ్లు పెట్టే చోటును తాతా చూడలేదు, యూనివర్సిటీ చూడలేదు. యూనివర్సిటీ వాళ్లు ఇచ్చింది ఒకే ఒక్కటి. ఇది సముద్రం నుంచి కబురు తెస్తే వచ్చే ఏడాది పది ఇస్తారు, లేదంటే మిగతావన్నీ వేరే నదికి పోతాయి. ఈ మాట ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. పిల్లలైతే అది ఏ దీవి దగ్గర తేలుతుందోనని పందేలు కాసుకున్నారు.

మలుగును వదిలే రోజు పొద్దున వాన వెలిసింది. ఊరంతా నది సముద్రంలో కలిసే చోట, ఉప్పుకయ్య ఒడ్డున చేరింది. రిరియా ట్రక్కు వెనక్కి తెచ్చి ఆపింది. ట్యాంకులో ఆ వారం బుట్టల్లో పడ్డవాటిలో పెద్దవి రెండున్నాయి. ఒకటి నిజంగానే మహా మలుగు. మనిషి తొడంత లావు, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. రెండోది దానిలో సగం. సన్నటి తల, కళ్ల చుట్టూ నీలి గీత, నల్లబడ్డ రెక్కలు. పెద్దదాన్ని పైకెత్తగానే జనం హోరుమన్నారు. ఆక్లండ్ పత్రిక అమ్మాయి ఫోటో మీద ఫోటో తీసింది.

పారే అమ్మమ్మ మడత కుర్చీలోంచి ముందుకు వంగి, "టెపోరా, ఏది పంపుదామమ్మా?" అంది.

రిరియా ఆవిడకు రెండడుగుల దూరంలోనే ఉంది. మోచేతుల దాకా ట్యాంకు నీళ్లలో ఉంది. ఆవిడ చూపు ఆమె మీద నుంచి అలా దాటుకుంటూ పోయింది, అక్కడో ట్రక్కు తప్ప మనిషి లేనట్టు.

టెపోరా పెద్దదాని కన్ను కొలిచింది. మళ్లీ కొలిచింది. "కాస్త అటూ ఇటూగా ఉంది గానీ, సరిపోతుందనుకుంటా," అంది. తర్వాత వెనక్కి తిరిగి, "అక్కా, నువ్వోసారి చూడు," అంది.

రిరియా మలుగు పొట్ట కింద చెయ్యి పెట్టింది. గట్టిగా, నిండుగా ఉంది. వేళ్లకు లోపల గరుకుగా తగిలింది; రాత్రి ఏ మంచినీటి రొయ్యనో మింగింది. ఇది పోదు. ఇంకా పదేళ్లు తింటుంది, నిద్రపోతుంది, లావెక్కుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"అదేం చూస్తుందిలేమ్మా," అంది పారే అమ్మమ్మ. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

ఎవరో నవ్వారు. రిరియా ఒళ్లంతా భగ్గుమంది. ఆ పత్రిక అమ్మాయి, ఆ కుర్చీలు, ఆ కెమెరాలు, అన్నీ టెపోరావే. సరే, ఈ మలుగు కూడా టెపోరాదే కానీ అనుకుంది. చెయ్యి బయటికి తీసి ప్యాంటుకు తుడుచుకుంది.

"నువ్వు చూశావుగా," అంది.

టెపోరా మొహం విచ్చుకుంది. "అక్క సరేనంది!" అని అందరికీ వినబడేలా చెప్పి, సూది దారం అందుకుంది. ప్రార్థన అయింది, పాట అయింది, పెద్ద మలుగు వీపు మీద ట్యాగుతో నీళ్లలోకి బద్ధకంగా జారింది. చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రిరియా ఒక్కతే దాన్ని అవతలి గట్టు దాకా మోసుకెళ్లి వదిలింది. చెయ్యి వదిలీ వదలకముందే అది సముద్రం వైపు తల పెట్టి బాణంలా పోయింది.

ఆ తర్వాతి వారాల్లో రిరియా కంటినిండా నిద్రపోయింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ అబద్ధమెందుకు, పోయింది. సంతలో టెపోరా ఎదురైతే నవ్వుతూ పలకరించింది కూడా. ఎదుటివాళ్లు పడబోయే గుంట మనకొక్కరికే కనబడుతుంటే వాళ్ల మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది.

అయిదు వారాలకు కబురొచ్చింది. సముద్రం నుంచి కాదు. వదిలిన చోటుకు రెండు కిలోమీటర్ల దూరంలో, అదే ఉప్పుకయ్యలో, పడవల క్లబ్బు వెనక ట్యాగు తేలింది. మలుగు అక్కడ రాళ్ల సందున హాయిగా కాపురం పెట్టింది. ఎన్ని రోజులకూ కదలకపోయేసరికి ట్యాగు ఊడొచ్చేసింది.

ఊరు ఊరుకుంటుందా? పెట్రోలు బంకు దగ్గర ఒకటే నవ్వులు.

"డాక్టరు గారి మలుగుకి పాస్‌పోర్టు దొరకలేదంట కదా!"

"కాదురా, క్లబ్బులో మెంబరైందంట. శుక్రవారం బీరు సగం ధరకే."

రిరియా కూడా నవ్వింది, అందరికన్నా గట్టిగా. ఆ నవ్వుతోనే మరాయికి వెళ్లింది. అక్కడ టెపోరా కింద కూర్చుని పారే అమ్మమ్మ ఒళ్లో తల పెట్టుకుని ఉంది. ఆవిడ ఆ పిల్ల జుట్టు నిమురుతోంది. "పోనీలే నా తల్లీ, చేపకేం తెలుసు నీ కష్టం," అంటోంది. రిరియా గుమ్మంలోనే ఆగిపోయింది. గెలిస్తే దీన్నే నెత్తికెత్తుకున్నారు. ఓడినా దీన్నే ముద్దు చేస్తున్నారు. ఇంక తనెప్పుడు?

మర్నాడు మధ్యాహ్నం టెపోరా రిరియా ఇంటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. రిరియా పిండి వేయిస్తూ, స్టవ్వు తగ్గించకుండానే, "కూర్చో," అంది.

"కూర్చోనక్కా. యూనివర్సిటీకి రిపోర్టు పంపాలి. వచ్చే ఏడాది ట్యాగులు వేరే నదికి ఇచ్చేశారు, అదైపోయింది. ఇందులో ఒక పేరు మార్చాలి. నీకు చెప్పకుండా మార్చడం బాగోదని వచ్చాను."

బల్ల మీద కాగితం పెట్టింది. మలుగును వదిలిన రోజున నింపిన ఫారం అది. పొడవు, బరువు, కంటి కొలత. వాటి కింద ఒక గడి: మలుగును ఎంచినవారు. అందులో టెపోరా గుండ్రటి రాతలో రిరియా పేరుంది. పక్కన, 'ఇరవై రెండేళ్ల అనుభవం, చేతితో పరీక్ష' అని కూడా ఉంది.

"ఇదేంటే?" అంది రిరియా.

"ఆ రోజే నింపేశాను. కన్ను అటూ ఇటూగా ఉంటే కొలత కన్నా నీ చెయ్యే నమ్మాలని రాశాను. ట్యాగు సముద్రంలో తేలాక నీకు చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నా. వ్యాసంలోనూ నీ పేరే మొదట వేద్దామనుకున్నా." టెపోరా ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడిది కొట్టేసి నా పేరు రాస్తా. పెద్దదని మోజుపడింది నేను. నీ పేరుకు మచ్చెందుకు?"

ఇరవై రెండేళ్లుగా రిరియా ఎక్కడైతే తన పేరు చూసుకోవాలనుకుందో అక్కడే ఉంది పేరు. తప్పు చేప పక్కన ఉంది. టెపోరా పెన్ను మూత తీసింది. ఒక్క గీత గీస్తే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. గియ్యనీ అనుకుంది రిరియా. ఆ పెన్ను కాగితానికి తగిలేదాకా అదే అనుకుంది.

తగిలాక ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"కొట్టెయ్యకు. దాన్ని పంపింది నేనే."

"ఊరుకో అక్కా. నన్ను ఓదార్చడానికి..."

"దాని పొట్ట నిండుగా ఉంది టెపోరా. చెయ్యి పెట్టగానే తెలిసింది. అది పోదని నాకు తెలుసు."

మూకుట్లో పిండి మాడి వాసనొస్తోంది. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు.

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఊరుకున్నా." మొదలుపెట్టాక రిరియా ఆగలేదు. "కుళ్లొచ్చిందే నీ మీద. రెండేళ్లుగా ఉంది. నాకు తెలిసిందే నువ్వు చెబితే చప్పట్లు కొట్టారు. ఆ రోజు కూడా నన్ను పక్కన పెట్టుకుని నిన్నడిగింది అమ్మమ్మ. ఇరవై రెండేళ్లలో ఒక్కళ్లంటే ఒక్కళ్లు నన్ను అడగలేదు!"

టెపోరా పెన్నుకు మూత పెట్టింది.

"నేనడిగాను కదక్కా," అంది.