చాటకు పంచరు

మధ్యాన్నం వాన కురిసి నిలిచింది. నల్లమాడ చుట్టుపక్కల చేలన్నీ ఒక్క దెబ్బకు పదునెక్కినాయి. ఆ పదును రెండు రోజులకు మించి ఆగదు. విత్తితే రేపే విత్తాలి. మారెక్క ఇంట్లో శనక్కాయలు ఒలిచి సిద్ధంగా ఉన్నాయి, పొట్టు చెరగడమే తక్కువ. చాట పట్టి చెరిగింది. పొట్టు ముందుకు పోలేదుగానీ, విత్తనాలు కిందికి పోయినాయి. చాట నడుమ ఎలుక ఒక కిటికీ కోసిపెట్టింది!

మామూలుగా మెంతిపిండి, కాగితం ముద్ద కలిపి మెత్తేస్తుంది మారెక్క. అది ఆరాలంటే రెండు నిండు ఎండలు కావాలి. ఎండకు పేరుమోసిన జిల్లాలో ఆ పూటే ఎండ కరువు! పక్కిళ్ళలో అడుగుదామంటే ఊరంతా చెరుగుతాండారు. అందరి చాటా చేతిలో ఉంటే, ఈమె చాట చేటు తెచ్చింది.

కొడుకు ఆంజినప్ప చాటను చంకలో పెట్టుకుని సైకిలు షాపు బసప్ప దగ్గరికి బయలుదేరినాడు. వెనకాలే మారెక్క. కొడుకు మీద నమ్మకం తక్కువ, బసప్ప మీద అసలే లేదు.

"తెల్లబంక ఈ ముసురుకు తొందరగా ఆరదు," అన్నాడు బసప్ప. "చిటికెలో అతుక్కునే ఆ చిన్న ట్యూబు బంక గాజుకు సరే, వెదురు వంగితే పెటుక్కుమంటాది. దీనికి పంచరు సొల్యూషనే మందు."

"చాటకు పంచరేందప్పా? గాలి కూడా కొడతావా?"

"చెరిగేటప్పుడు గాలి కొట్టేది నువ్వే కదక్కా!"

మారెక్క నవ్వలేదు. డబ్బా మూత తీసి వాసన చూసి, ముక్కు చిట్లించింది. "పెట్రోలు కంపు! ఇది తగిలితే ఇత్తనం మొలకెత్తుతాదా? ఎవురు జెప్పినారు నీకు, నా చేను బీడు పెట్టమని?"

"నాకేం పని అక్కా?"

"నీ చేను మా చేని పక్కదే కదా. నాది మొలవకుంటే నీది పచ్చగా కనపడ్తాది."

"ఊరుకో మా!" అన్నాడు ఆంజినప్ప.

"నువ్వుండ్రా. ఆయప్ప సొల్యూషను పూస్తే, నువ్వు సున్నం పూస్తాండావు."

బసప్ప ఉప్పుకాగితంతో వెదురు గీకినాడు. పాత సైకిలు ట్యూబు ముక్క కోసి, దానికీ చాటకూ సొల్యూషను పూసి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"అంటించవేం?"

"తడి మీద అంటదక్కా. కాసేపు ఆరనీ."

"ఏందో దాస్తాండాడు," అని కొడుకు చెవిలో ఊరికంతా వినపడేటట్టు గొణిగింది. "కింది పక్కనే వెయ్యి. ఇత్తనం తగిలే పక్క వద్దు."

అడుగునే అతికించి సుత్తితో తట్టినాడు. మారెక్క గోటితో పీకి చూసింది. రాలేదు. బంక పట్టు ఒకెత్తు, ఆమె అనుమానం పట్టు ఇంకొకెత్తు.

తెల్లారి విత్తనాలు చెరిగింది. ఒక్కటీ కిందికి జారలేదు. కానీ చెరగకముందే రెండు దోసిళ్ళు, చాటకు తగలనీకుండా, చేత్తోనే ఏరి కొంగున కట్టుకుంది. వాటిని చేని గట్టు పక్క ఒకే సాలులో వేసి, గుర్తుకు రాయి పెట్టింది. కంపు విత్తనం చస్తే బసప్పను నిలదీయడానికి సాక్ష్యం కావాలి కదా.

ఎనిమిదో రోజు పొద్దున్నే సైకిలు షాపు ముందర నిలబడింది.

"మొలిచినాయా అక్కా?"

"మొలిచినాయి. చెరిగినవీ, చేత్తో ఏరినవీ ఒక్క ఎత్తున లేచినాయి."

"ఇంకేం మరి?"

"అదే నాకు అనుమానం. నా చేత్తో ఏరినవి ముందు లేయాల కదా! వాటికేం పూసినావో చెప్పు."