ముందు మామిడి, వెనక చుక్క

నేను ఒక పేరుని. అంతకుమించి ఏమీ కాను. పట్టుకుంటే చేతికి తగలను, తూకం వేస్తే ముల్లు కదలదు. అయినా నా మూలంగా ఒక అన్న సీజనంతా పోగొట్టుకోబోయాడంటే, పేరు అంత తేలికైంది కాదని మీరే ఒప్పుకుంటారు.

నా పూర్తి పేరు తొలిచిగురు డాట్ ఇన్, ఇంటర్నెట్‌లో ఒక చిరునామాని. పుట్టింది కడియపులంకలో, కొప్పిశెట్టి వారి నర్సరీ వెనక వంటింట్లో. ఆ ఇంటి చిన్నకోడలు హేమావతి కాకినాడలో బీకాం చదివింది. ఓ పక్క కుక్కర్ కూత పెడుతుంటే ఫోన్‌లో నన్ను కొట్టి చూసి, ఈ పేరు లోకంలో ఇంకెవరికీ లేదని తేలాక తన పేర రాయించుకుంది. అదీ ఏడాదికే. ఏటా మళ్లీ రాయించుకోవాలి, మర్చిపోతే నేను పరాయివాళ్ల సొత్తు.

మా వంశం సంగతి చెప్పాలి. మమ్మల్ని కుడి నుంచి ఎడమకి లెక్క కట్టాలి. అన్నిటికీ చివర, ఎవరూ రాయని చుక్క ఒకటుంది. ఆయనే మా మూలపురుషుడు. ఆయన సంతానం ఇన్, కామ్, ఆర్గ్ వగైరా. ఇన్ కింద నేను. నాకు ఎడమ పక్కన హేమావతి పుట్టించిన నా పిల్లలు: గులాబీ డాట్ తొలిచిగురు డాట్ ఇన్, మామిడి డాట్ తొలిచిగురు డాట్ ఇన్. మామిడికి మళ్లీ ఎడమ పక్కన ఒక కూతురు, అంట్లు. అంట్లంటే సింకులోవి కాదు, అంటుమొక్కలు. తరం మారినప్పుడల్లా మధ్యలో ఒక చుక్క.

మావాళ్లలో నాకు భలే నచ్చే గుణం ఒకటుంది. ఎవరికీ అంతా తెలియదు, కానీ ఎవరూ దారి తప్పరు. మామిడి కోసం వచ్చినవాళ్లు ముందు మూలపురుషుణ్ని అడిగితే, "నాకు తెలియదు, ఇన్ గడప అదిగో" అంటాడు. ఇన్ నా గుమ్మం చూపిస్తాడు. నేను మామిడిని చూపిస్తాను. ఇదంతా రెప్పపాటులో. మీ ఊళ్లో అడ్రసు తెలియనివాడు కూడా "ఇలా తిన్నగా పోండి" అని మనిషిని కాలవలోకి పంపిస్తాడు. మావాళ్లు తెలిసినవాడి గుమ్మం చూపించి ఊరుకుంటారు.

ఇంకోటి. ఒక తండ్రి కింద ఒక పేరు ఒక్కరికే. వేరే తండ్రి కింద ఇంకో మామిడి ఉంటే మాకు పేచీ లేదు. కొప్పిశెట్టి వారు మాత్రం మనవలందరికీ తాతగారి పేరే పెట్టారు. "సూరన్నా" అని పిలిస్తే ముగ్గురు పరిగెత్తుకొస్తారు. పని చెబుతారనుకుంటే ఒక్కడూ రాడు.

ఇలా ఉండగా అన్నదమ్ములు వేరుపడ్డారు. నీడ పరదా కింద పెద్దమనుషులు కూర్చుని మడులు, మోటార్లు, ట్రాలీ ఆటో పంచేశారు. నేను మిగిలాను. మామిడి మడులు వాటాకి వచ్చిన పెద్దాయన నూకరాజు, గోడమీద మామిడి డాట్ తొలిచిగురు డాట్ ఇన్ అని రాసి ఉండటం చూసి ఒక్క మాటలో తేల్చేశాడు.

"మామిడి ముందుంది కదా! కొప్పిశెట్టి ముందా, నూకరాజు ముందా? ఇంటిపేరెప్పుడూ ముందుంటది. ముందున్నదే పెద్దరికం. అది నాది. ఎనకాల తోక తమ్ముడికిచ్చెయ్యండి."

"తోకా నాకు?" అన్నాడు గులాబీ మడులు వాటాకొచ్చిన తమ్ముడు, హేమావతి మొగుడు దొరబాబు.

"బావగారూ, దాన్ని ఎనకనుంచి చదవాలండి," అంది హేమావతి మజ్జిగ గ్లాసులు అందిస్తూ.

"ఎనకనుంచి చదవడానికి అదేమన్నా మంత్రమా అమ్మా? నువ్వు మజ్జిగియ్యి."

హేమావతి మజ్జిగిచ్చింది. ఆయన్ని నేనూ తప్పుపట్టను. ఇంటిపేరు ముందు రాసుకునే జనానికి తల ఎటుందో నన్ను చూస్తే తెలియదు. ఆ సాయంత్రం ముఖం వేలాడేసుకున్న మొగుణ్ని ఓదార్చబోయి, "తోక కాదండి, తలే మీకొచ్చింది. మామిడి ఉండాలా పోవాలా అన్నది మన చేతిలోనే ఉంది," అని నోరు జారింది.

ఆ మాట దొరబాబు మనసులో నాటుకుంది. తొలకరి ముందు కాలవ నీళ్ల వంతు దగ్గర అన్నదమ్ములకి మాటామాటా పెరిగేసరికి మొలకెత్తింది.

"ఆ మామిడిని పీకెయ్," అన్నాడు దొరబాబు.

"తొలి వాన పడగానే అంటుమొక్కలకి బేరాలన్నీ దాంట్లోనే వస్తాయండి. ఇప్పుడు అమ్ముడుపోకపోతే సంచుల్లోనే వేళ్లు చుట్టుకుపోతాయి. బావగారి ఏడాది కష్టం."

"పోనీ. నీళ్లు మళ్లించుకున్నప్పుడు తెలీలేదా?"

"సరేనండి. తీసేస్తాను."

ఫోన్ తీసింది. కన్నబిడ్డల్లో ఒకణ్ని తీసేస్తుంటే అడ్డుపడే చేతులు పేర్లకుండవు. తీసేసింది కూడా. మామిడిని కాదు, గులాబీని.

మర్నాడు పొద్దున్నుంచీ దొరబాబు ఫోన్ మోగుతూనే ఉంది. "ఏవండీ, మీ గులాబీలు కనపడట్లేదు, కొట్టెత్తేశారా?" మధ్యాహ్నానికి ఆయన వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమేవ్, నాది పోయిందే!"

"ఆయ్. ఎలా ఉంటదో ముందు మనింట్లో చూసుకుని, తర్వాత ఆళ్లింట్లో తీద్దామని."

"నాది తీస్తావా?"

"రెండూ ఒక మొదలు మీదవే కదండీ. అంట్లు కట్టే చేతులకి నేను చెప్పాలా? ఇప్పుడు చెప్పండి, బావగారిది తీసెయ్యనా?"

దొరబాబు చెంబెడు నీళ్లు తాగాడు. కిటికీలోంచి మామిడి మడుల వైపు చూశాడు.

"ఉండనియ్యి," అన్నాడు. "ముందు నాది పెట్టు."

పెట్టింది. అయితే లేదన్న మాట ఒకసారి విన్న యంత్రాలు దాన్ని కొంతసేపు మనసులో పెట్టుకుంటాయి. గులాబీ మళ్లీ అందరికీ కనపడేసరికి సాయంత్రమైంది. అందాకా దొరబాబు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు.

హేమావతి అక్కడితో ఆగలేదు. మామిడి పెత్తనం పూర్తిగా బావగారికి అప్పగించేసింది. మాలో ఆ వీలుంది. కొమ్మని ఒకరికి అప్పగిస్తే, కన్నవాళ్లు గుమ్మం చూపించి ఊరుకుంటారు, లోపల ఏం పేరు పెట్టుకున్నారని అడగరు. ఈ సదుపాయం మనుషుల కుటుంబాల్లోకి ఇంకా వచ్చినట్టు లేదు.

"ఇకమీదట మీ ఇష్టమండి బావగారూ."

"ముందున్నది నాదేనని నేను ఆరోజే చెప్పాను కదమ్మా!" అన్నాడు నూకరాజు. పెత్తనం అందుకున్న ఆనందంలో మర్నాడు కాలవ నీళ్లు ముందు తమ్ముడి గులాబీ మడులకే వదిలాడు. తర్వాత పెద్ద బోర్డు రాయించాడు. మామిడి అక్షరాలు పనసకాయలంత, నా అక్షరాలు పెసరగింజలంత.

నాకేం బాధ లేదు. మా మూలపురుషుణ్ని అసలు ఎవరూ రాయనే రాయరు. ఆయన లేకపోతే మాలో ఏ ఒక్కరికీ దారి దొరకదు. ఆ బోర్డు మీద అన్న పేరుంది, గులాబీల విజిటింగ్ కార్డు మీద తమ్ముడి పేరుంది. హేమావతి పేరు ఎక్కడా లేదు.

ఏటా నా గడువు దగ్గర పడగానే ఆవిడ తడిచేతులు కొంగుకి తుడుచుకుని, ఫోన్ తీసి, ఒక్కచోట నొక్కి, పొయ్యి దగ్గరికి వెళ్లిపోతుంది. మొన్నా అంతే. నాకు ఇంకో ఏడాది ఆయుష్షు పెరిగింది. పప్పు కూడా మాడలేదు.