దొరసానికి వెయ్యని సూది

ఆ షెల్టరులో పిల్లుల గదిలోకి వెళ్ళాలంటే ఒక పద్ధతి ఉండేది. చెప్పులు గుమ్మం బయట విడవాలి. లోపలి రబ్బరు బూట్లు వేసుకోవాలి. ఆకుపచ్చ గౌను, చేతులకు తొడుగులు. తిరిగి వచ్చేటప్పుడు అవన్నీ అక్కడే వదిలి, మోచేతుల దాకా కడుక్కుని బయటికి రావాలి. ఈ పద్ధతి పెట్టింది డాక్టరమ్మ. పాటించనివాళ్ళని, వాళ్ళు ఎంతటివాళ్ళైనా సరే, నిలబెట్టి కడిగేసేదీ ఆమే.

ఆమె షెల్టరు మనిషి కాదు. పశువైద్య కళాశాలలో పరిశోధన చేస్తోంది. దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ చేరదీసే చోట్ల ఒక దాంట్లో జబ్బు పుడితే, దూరంగా ఉన్న మరో దాంట్లోకి ఎలా పాకుతోందన్నది ఆమె విషయం. ఈసారి పిల్లులకు పార్వో అనే వైరస్ జబ్బు వచ్చింది. మొదట తిండి మానేస్తాయి, తర్వాత వాంతులు, విరేచనాలు. పిల్లిపిల్లలైతే చూస్తూండగానే చేతుల్లోంచి జారిపోతాయి. ఆ వైరస్ గుడ్డనీ, నేలనీ, చెప్పు అడుగునీ పట్టుకుని నెలల తరబడి చావకుండా ఉంటుంది. మామూలు సబ్బుకి లొంగదు.

ఒకరోజు పొద్దున ఆమె వచ్చేసరికి గదులు ఊడ్చి కడిగే ఆయమ్మ పిల్లుల గదిలోంచి తన ఇంటి చెప్పులతోనే బయటికి వస్తోంది. పెద్దావిడ, ఆ షెల్టరు పుట్టినప్పటి నుంచీ ఉన్న మనిషి. బూటు చిరిగి నీళ్ళు లోపలికి వస్తున్నాయట.

"చిరిగితే ఇంకోటి అడగాలి గానీ ఇదేం పని?" అంది డాక్టరమ్మ. "ఆ చెప్పులతోనే ఇంటికి పోతారు, బస్సెక్కుతారు, ఊరంతా తిరుగుతారు. చావుని కాళ్ళకి కట్టుకుని తిరుగుతున్నారు, తెలుస్తోందా మీకు?"

మేనేజరు ఉన్నాడు, పిల్లుల్ని చూడ్డానికి వచ్చిన వాళ్ళున్నారు. ఆయమ్మ చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి ఆమెను కుక్కల వైపు పనికి మార్చారు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర డాక్టరమ్మ ఈ సంగతి కాస్త గొప్పగానే చెప్పింది. మామయ్య, అంటే ఆమె భర్త తండ్రి, వింటూ, కంచం పక్కన కూర్చున్న పిల్లికి ఒక ముద్ద పెట్టాడు.

"పెద్దావిడ కదమ్మా, పక్కకి పిలిచి చెప్తే పోయేదిగా."

"అక్కడ మొహమాటానికి పోతే పిల్లులు పోతాయి మామయ్యా."

"నీ మాటకి ఎదురేముంది," అని నవ్వి ఊరుకున్నాడాయన.

మామయ్య రైళ్ళలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆ పిల్లి ఓ వానాకాలం తలుపు సందులోంచి దూరి వచ్చింది. 'టిక్కెట్టు లేకుండా ఎక్కిన ప్యాసింజరు' అని మొదట్లో వెక్కిరించేవాడు. తర్వాత దాని నడక, ఆ మెడ తిప్పడం చూసి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. అది ఆయన వెనకాలే తిరిగేది, ఆయన పేపరు మీదే కూర్చునేది. చిన్నప్పుడు దానికి ఒక టీకా వేశారు. రెండోసారి వెయ్యబోతే అది పెట్టిన కేకలకు ఆయన ప్రాణం విలవిల్లాడిపోయింది. "ఇంకోరోజు చూద్దాంలే అమ్మా" అన్నాడు. కోడలు సరేనంది. ఊళ్ళో పిల్లులన్నిటికీ సూదులు వేసే మనిషికి ఇంట్లో పిల్లి సంగతి తీరుబడిగా చూసుకోవచ్చనిపించింది.

షెల్టరులో చాలా పిల్లిపిల్లలు పోయాయి. ముక్కు మీద నల్లమచ్చ ఉన్న పిల్ల ఒకటి మాత్రం మొండిగా నిలబడింది. అది మొదటిసారి తనంతట తాను పాలు నాకిన రోజున కరెంటు పోయింది. వెచ్చదనానికి పెట్టిన దీపం ఆరిపోయింది. పిల్ల గజగజ వణికిపోతోంది. పొడి గుడ్డ ఏదీ చేతికి అందక డాక్టరమ్మ బయట కొక్కేనికి తగిలించిన తన శాలువా తెచ్చి దాన్ని చుట్టింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతలో కళాశాల నుంచి ఫోను వచ్చింది. పరిశోధన గురించి పెద్ద సభలో మాట్లాడమని పిలుపు. మాట్లాడుతుండగానే కరెంటు వచ్చింది, పిల్లని గూట్లో పెట్టింది, గౌను విప్పింది, చేతులు కడుక్కుంది, శాలువా భుజాన వేసుకుని బయటపడింది. దారి పొడుగునా సభలో ఏం చెప్పాలా అనే ఆలోచనే.

ఇంటికి వచ్చి శాలువా కుర్చీ మీద పడేసి స్నానానికి వెళ్ళింది. తిరిగి వచ్చి చూస్తే దొరసాని దాని మీద చుట్ట చుట్టుకుని పడుకుంది. ముందరి కాళ్ళతో ఉన్నిని పిసుకుతూ, మూతి అందులో దూర్చి గురగురలాడుతోంది.

ఆమె పరుగున వెళ్ళి పిల్లిని పక్కకి దించింది. శాలువా లాగేసి బ్లీచింగు నీళ్ళలో ముంచింది. కుర్చీ తుడిచింది, నేల తుడిచింది. మామయ్య పేపరు దించి చూశాడు. "ఇంత హఠాత్తుగా ఇంటి మీద పడ్డావేమ్మా?"

"దుమ్ముగా ఉంది మామయ్యా," అంది.

చెయ్యాల్సిన పని ఆమెకు తెలుసు. వెంటనే టీకా వేస్తే జబ్బు ముదిరేలోపు ఒంట్లో బలం పుంజుకునే వీలుంటుంది. కళాశాల ఫ్రిజ్‌లో మందు ఉంది. మర్నాడు పొద్దున్నే తెచ్చి వెయ్యొచ్చు. కానీ వేస్తే మామయ్య అడుగుతాడు, ఉన్నట్టుండి ఇప్పుడు సూదేమిటని. చెప్పాల్సి వస్తుంది. మొన్న ఇదే బల్ల దగ్గర కూర్చుని ఆయమ్మ చెప్పుల గురించి అన్నేసి మాటలన్న నోటితో చెప్పాల్సి వస్తుంది.

షెల్టరులో పిల్ల కోలుకుంటోంది కదా, శాలువాకి వైరస్ అట్టే ఉండదులే అనుకుంది. దొరసానికి చిన్నప్పుడొక టీకా పడింది కదా, అది చాల్లే అనుకుంది. జనం తనతో చెప్పినప్పుడల్లా తను పెదవి విరిచిన సాకులే అవన్నీ. ఒక్కొక్కటీ తనకి తాను చెప్పుకుంటూ రోజులు దాటించింది.

దొరసాని పాలు ముట్టడం మానేసిన ఉదయం ఆమెకి ఇంకేమీ చూడనక్కరలేకపోయింది. మధ్యాహ్నానికి వాంతులు. నీళ్ళ గిన్నె దగ్గర తల వేలాడేసుకుని కూర్చునేది, తాగేది కాదు. ఇంట్లోనే సెలైను పెట్టింది, సెలవు పెట్టి పక్కనే ఉంది, తనకు తెలిసిన వైద్యమంతా చేసింది. మామయ్య పీట వేసుకుని, సూది ఉన్న కాలు కదలకుండా రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చున్నాడు. ఆయనతో మాట్లాడాలని ఆమె రెండు మూడుసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ ఆయనే ముందు అడిగేవాడు, "బతుకుతుందా అమ్మా?" అని. ఆమె సెలైను చుక్కలు చూస్తూ "చూద్దాం మామయ్యా" అనేది.

అది బతకలేదు.

ఎలా వచ్చిందంటావని భర్త అడిగాడు. "ఎలాగైనా రావచ్చు," అంది. మామయ్య మాత్రం రెండు రోజులు ఆలోచించి, ఆమె కళాశాలకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"నాదేనమ్మా తప్పు. బాల్కనీ తలుపు తియ్యొద్దని నువ్వు చెప్తూనే ఉన్నావు. గాలి కోసమని నేనే తీసిపెట్టాను. కింద మెట్ల దగ్గర ఆ చారల పిల్లికి అన్నం పెట్టేవాణ్ణి కదా, అదే పైకి వచ్చి అంటించి ఉంటుంది. నీ ఇంట్లోనే ఇలా జరిగితే బయట నీకెంత నామోషీ. ఏమీ అనుకోకు."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. "అలా అనకండి మామయ్యా," అని మాత్రం అనగలిగింది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత ఆయన బాల్కనీ తలుపు గడియ తియ్యలేదు. ఎండ కాస్తున్నా గదిలోనే ఉక్కపోతలో కూర్చునేవాడు. ఒక సాయంత్రం ఆమె ఇంటికి వస్తుంటే మెట్ల మొదట్లో ఆయన కనపడ్డాడు. చారల పిల్లి అలవాటుగా ఆయన కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. ఆయన చేతిలో చుట్టిన పేపరుంది. దాన్ని నేలకేసి కొట్టి పిల్లిని తరుముతున్నాడు. అది కాస్త దూరం పోయి, అర్థం కానట్టు వెనక్కి చూస్తోంది. ఆయన మళ్ళీ కొట్టాడు. ఎవర్నీ గద్దించి ఎరగని మనిషి ఆయన.

ఆమె అక్కడే, మెట్ల దగ్గరే చెప్పేసింది.

"దాన్ని తరమకండి మామయ్యా. అది తేలేదు. నేను తెచ్చాను." శాలువా సంగతి చెప్పింది. ఆయన పేపరు పట్టుకుని వింటూ నిలబడ్డాడు.

"ఆ రోజు కుర్చీ కడిగింది అందుకా?"

"అవును."

"అప్పుడే తెలుసా నీకు?"

"తెలుసు."

"సూది వేస్తే బతికేదా?"

"బతికే వీలుండేది."

"మరి ఎందుకు వెయ్యలేదు?"

"మీరు ఎందుకని అడుగుతారని."

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. "నేను నీకు క్షమాపణ చెప్పుకున్నాను," అన్నాడు చివరికి. "అది కూడా విన్నావు." మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కాడు. పైకి చేరాక వెనక్కి తిరక్కుండానే అడిగాడు, "చెప్పులావిడకి చెప్పావా?"

ఆ వారం షెల్టరులో అందరూ కూర్చుని మాట్లాడుకునే రోజున ఆమె లేచి నిలబడింది. మేనేజరు, పనివాళ్ళు, ఆమె దగ్గర చదువుకునే విద్యార్థులు ఉన్నారు. ఆయమ్మ వెనక బెంచీ చివర కూర్చుంది. పిల్లుల గదిలోంచి తన శాలువా మీద తనే వైరస్‌ని ఇంటికి మోసుకెళ్ళానని, ఇంట్లో పిల్లి దానివల్లే పోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆయమ్మని అన్న మాటలు నిజానికి తనకే ఎక్కువ తగుతాయని కూడా అంది.

మేనేజరు లేచి చప్పట్లు కొట్టాడు. "ఇంత పెద్ద చదువు చదువుకుని, ఇలా నలుగురిలో ఒప్పుకోవడానికి ఎంత మనసుండాలి," అన్నాడు. విద్యార్థులూ కొట్టారు. ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

ఆ చప్పట్ల మధ్య ఆమెకి, తప్పు చేసి మెప్పు మూటగట్టుకుంటున్నాననిపించింది. కూర్చోబోయినదల్లా మళ్ళీ లేచింది.

"ఇంకా ఉంది," అంది. "అది శాలువా మీద పడుకోవడం నేను చూశాను. టీకా వెయ్యొచ్చని తెలుసు. వేస్తే నా తప్పు ఇంట్లో తెలిసిపోతుందని వెయ్యలేదు. శాలువా పొరపాటు. ఇది పొరపాటు కాదు."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేనేజరు బల్ల మీది పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. కళ్ళు తుడుచుకున్న అమ్మాయి కిటికీ వైపు తిరిగింది.

అందరూ వెళ్ళాక డాక్టరమ్మ ఆయమ్మ దగ్గరికి వెళ్ళింది. "మళ్ళీ పిల్లుల వైపు రండి. నేను మేనేజరుతో మాట్లాడతాను."

"కుక్కలు అలవాటైపోయాయమ్మా," అంది ఆయమ్మ బకెట్టు అందుకుంటూ. "అరుస్తాయి గానీ గీరవు." రెండడుగులు వేసి ఆగింది. "ఆ రోజు ఇంటికి పోయి నా మనవరాలి చేత ఆ చెప్పులు బయట పారేయించాను. అది కొనిపెట్టినవే. ఎందుకు పారేస్తున్నావని అడిగితే చెప్పలేకపోయాను." అంతే అని వెళ్ళిపోయింది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది.

ఇంటికి వచ్చేసరికి మామయ్య బాల్కనీలో కూర్చుని ఉన్నాడు. ఆ కొద్దిరోజులుగా ఆయన ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు.

"చెప్పావా?"

"చెప్పాను మామయ్యా."

"అంతా?"

"మొదట శాలువా దాకా చెప్పాను. మెచ్చుకున్నారు. తర్వాత మిగతాది కూడా చెప్పాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఎంత దాకా నమ్మొచ్చో తూచుకుంటున్నట్టు, ఒకప్పుడు ప్రయాణికుల్ని అలాగే చూసేవాడేమో.

"తిన్నావా?" అన్నాడు.

"లేదు."

"గిన్నెలో పెట్టి ఉంచాను. తిను," అని వీధి వైపు తిరిగాడు.

ఆమె లోపలికి వెళ్ళి మూత తీసింది. కంచంలో వడ్డించుకుని, ఆయనకి కనపడేలా బాల్కనీ గుమ్మానికి ఎదురుగా కూర్చోవాలా, కనపడకుండా గోడ వారకి జరగాలా తేల్చుకోలేక కాసేపు అలాగే నిలబడింది. చివరికి కనపడేచోటే కూర్చుని, తల వంచుకుని తింది.