చెరిపేసిన హెచ్చరిక

ప్లగ్గు పెట్టి ఛార్జి చేస్తే కరెంటుతోనూ, అది అయిపోతే పెట్రోలుతోనూ నడిచే కార్లు అవి. వాటిని బాగుచేసే సర్వీస్ సెంటర్‌లో అతడు సూపర్‌వైజరు. కార్ల విషయంలో ఇంట్లో అతడి మాటకు తిరుగు లేదు. అందుకే అతడి వదిన కారు కొనదలచినప్పుడు మరొకరిని సంప్రదించలేదు. మరిది మంచిదన్నాడు, ఆమె కొన్నది.

ఫిర్యాదులు త్వరలోనే మొదలయ్యాయి. ఆమె ఒక్కతే కాదు, చాలామంది యజమానులు అదే చెప్పేవారు. ఎంతసేపు ప్లగ్గు పెట్టి ఉంచినా బ్యాటరీ నిండదు. పోతూ పోతూ ఉండగా ఎదుట ఎర్రదీపం వెలిగి, పెట్రోలున్నా సరే, బండి నడిరోడ్డు మీద చతికిలబడుతుంది. కాసేపాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు కదులుతుంది.

దీపం వెలిగినప్పుడల్లా ఆ లోపం తాలూకు కోడ్ కారులో నమోదవుతుంది. ఒకే కోడ్ పదే పదే కనిపిస్తేనే ఛార్జింగ్ యూనిట్‌ను ఉచితంగా మార్చడానికి కంపెనీ ఒప్పుకుంటుంది. సూపర్‌వైజరు మాత్రం బండి రాగానే లాప్‌టాప్ తగిలించి కోడ్‌ను చెరిపేసేవాడు. దీపం ఆరిపోయేది. యజమాని తృప్తిగా వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ లోపం మొదటిసారి వచ్చినట్టే కనిపించేది. బండ్లను చకచకా పంపించేస్తాడని పైవాళ్ళ దగ్గర అతడికి మంచి పేరుండేది.

వదిన కారుకూ అదే చేశాడు. పైగా, ఆమె ప్లగ్గును సరిగ్గా బిగించి ఉండదని చెప్పి పంపాడు.

ఈ ఉదయం ఆ కారును మరో బండి వెనుక కట్టి లాక్కొచ్చారు. మోకాలికి ఆపరేషన్ అయిన అన్నయ్యను, వ్యాయామం చేయించే డాక్టరు దగ్గరికి ఆమె తీసుకుపోతుండగా కూడలిలో ఆగిపోయి, ఈసారి ఎంత తాళం తిప్పినా కదల్లేదట. వెనుక బండ్లు హారన్లు మోగిస్తుంటే, దారిన పోయేవాళ్ళు ఆయనను ఎత్తి కాలిబాట మీద కూర్చోబెట్టారట. ఇదంతా వదిన ఫిర్యాదుగా చెప్పలేదు, సంజాయిషీలా చెప్పింది.

"నీ మాట ప్రకారమే చేశాను బాబూ. ప్లగ్గు ఎంతవరకు దూరాలో గోళ్ళరంగుతో గీత కూడా పెట్టుకున్నాను. మీ అన్నయ్యకి అన్నం పెట్టడం మరిచిపోయినా దానికి ప్లగ్గు పెట్టడం మరిచిపోను."

"అది నిజమేరా, సాక్షిని నేనే," అన్నాడు అన్నయ్య, కాలు చాచుకుని కూర్చున్న చోటునుంచి.

ఆమె గొంతు తగ్గించింది. "బయట కూర్చున్న టీచరమ్మ కారుదీ ఇదే రోగం. ఆవిడ కంపెనీతో తేల్చుకుంటానంటే నేనే సర్దిచెప్పాను. మా మరిది ఇక్కడే పనిచేస్తాడు, తప్పు మనదేనట అన్నాను."

సూపర్‌వైజరు వెళ్ళి లాప్‌టాప్ తగిలించాడు. పాత కోడే తెరమీదికి వచ్చింది. చెరిపే మీట మీదికి వేలు అలవాటుగానే పోయింది. చెరపకుండా కంపెనీకి పంపితే, ఇన్నాళ్ళూ ఇది ఎందుకు కనిపించలేదని వాళ్ళు ముందుగా అడిగేది తననే. కాలిబాట మీద, ఆపరేషన్ కాలు చాచుకుని, అపరిచితుల మధ్య కూర్చున్న అన్నయ్య అతడి కళ్ళలో మెదిలాడు. అతడు వేలు వెనక్కి తీసుకుని కోడ్‌ను కంపెనీకి పంపించాడు.

తరువాత వదిన ఎదుట నిలబడి, తాను చేస్తూ వచ్చిన పని దాచకుండా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె తన చేతుల వంక చూసుకుంది.

"అయితే, నేను ప్లగ్గు సరిగ్గానే పెడుతున్నానన్నమాట," అన్నది.

అతడు తల దించుకున్నాడు.

"టీచరమ్మకి నేను చెప్పలేను, బాబూ. నీ మాట మోసుకెళ్ళి ఆవిడ నోరు మూయించింది నేనే. నువ్వే చెప్పు."

అతడు ముందుగదిలోకి వెళ్ళాడు. టీచరమ్మ చటుక్కున లేచి నిలబడింది. తన ఛార్జింగ్ తీగను చుట్టచుట్టి వెంట తెచ్చుకుంది.

"ఎలా బిగించాలో ఒక్కసారి దగ్గరుండి చూపిస్తారా? ఈసారీ నా పొరపాటే అయ్యుంటుంది," అన్నది.

అతడు ఆ తీగను అందుకుని బల్ల మీద పెట్టాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు. "పొరపాటు మీది కాదు."